కొర్రపుట్టు దుంగకు ఇవతల

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ సన్యాసిరావు. "మూడో పేరు చూడు."

వరహాలరావు చూశాడు. మూడో పేరు కామేష్.

ఆ గది విశాఖపట్నంలో ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనకాల ఉంది. ముందు గదిలో పట్టుచీరలు, వెనక గదిలో దేశ రహస్యాలు. రెండూ నలగకుండా చూసుకునే బాధ్యత సన్యాసిరావుదే. ఈసారి మాత్రం నలిగింది. పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న పదకొండు మంది మనవాళ్ళ జాబితాను వారం కిందట ఎవరో కాపీ చేసుకుపోయారు. 'హెరాన్' అనే విదేశీ ముఠా పని అది.

కామేష్ ఎవరో వరహాలరావుకి ఒకరు చెప్పాలా? ట్రైనింగ్‌లో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఆరేళ్ళుగా కామేష్ ఒక విదేశీ రేవులో మంగలి షాపు నడుపుతున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. ఈ జాబితా చేరాల్సిన చోటికి చేరితే గంటలో ఆ ఇంటి తలుపు తడతారు. తట్టేవాళ్ళు క్షవరానికి రారు.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పట్లాగే క్లుప్తంగా సాగింది. ఫైలు లాక్ అయి ఉంది. అది మార్టిన్ అనేవాడి ఫోన్‌లో ఉంది. వాడు ఆల్ప్స్ పర్వతాల గైడ్‌నని చెప్పుకుంటాడు. పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర ఉంది. సిటీలో నిఘా ఎక్కువ కాబట్టి ఇద్దరూ రేపు అరకు అవతల కొర్రపుట్టు అనే కొండ ఊళ్ళో కలుస్తారు. పేరుకి అది అడ్వెంచర్ ప్యాకేజీ: ట్రెక్కింగ్, కాఫీ తోట, బొంగు చికెన్, లోకల్ ఎక్స్‌పీరియన్స్.

"పాస్‌వర్డ్ తెచ్చేది ఎవరు సార్?"

"ఉమామహేశ్వరి. హెరాన్‌లో మనం పెట్టిన మనిషి."

"అయితే మన మనిషేగా."

"జీతం మనదే," అన్నాడు సన్యాసిరావు. "వాళ్ళదీ తీసుకుంటోంది. ఎవరి మనిషో నువ్వే తేల్చాలి."

తుపాకీ అడిగితే టూరిస్టుకి తుపాకీ ఏంటయ్యా అని విసుక్కుని ఒక పెన్ను ఇచ్చాడు. అందులో ఒకే ఒక్క మత్తు సూది. మూడు గజాల లోపయితే ఏనుగునైనా పడుకోబెడుతుందిట. మూడు గజాల లోపలికి ఏనుగు రావాలి కదా, అదీ తిరకాసు.

మర్నాడు కిరండూల్ రైల్లో రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ ఒకాయన అరకు చేరాడు. తెల్లజుట్టు విగ్గు, చెవిలో వినికిడి మిషన్ వేషంలో రిసీవర్, చేతికి ట్రాన్స్‌మిటర్ వాచీ. మోకాళ్ళ నొప్పులు మాత్రం అసలువే. అరకులో దిగి మిగతా ప్యాకేజీ వాళ్ళతో జీపెక్కాడు. డ్రైవరూ గైడూ రెండూ మంగ్లు అనే లోకల్ కుర్రాడే.

జీపులో మార్టిన్ ముందు సీట్లో కూర్చున్నాడు. భుజాన తాడు, నడుముకి ఇనుప కొక్కేలు, ఛాతీ మీద జిప్పు జేబులో ఫోను. వెనక సీట్లో ఉమ. లక్షల మంది ఫాలోయర్లున్న ట్రావెల్ వ్లాగర్. నల్లకళ్ళద్దాలు, ఎర్ర జాకెట్, మాట మాటకీ 'గైస్' అనే ఇంగ్లీషు. ఆమెను చూస్తే కొండలు కూడా తల దువ్వుకునేలా ఉన్నాయి. మన హీరో మాత్రం కిటికీలోంచి కొండల్నే చూశాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసు కొన్ని మంచి అలవాట్లు నేర్పుతుంది.

కొర్రపుట్టు మొదట్లో దారికి అడ్డంగా పొడుగాటి దుంగ ఉంది. దాని వెనక పదిహేను మంది ఆడవాళ్ళు పాడుతూ నిలబడ్డారు. జీపు ఆగింది. అందరూ దిగి నాలుగడుగులు ఆడాక, పెద్దావిడ సోములమ్మ చెయ్యి ఊపితే దుంగ లేచింది. జీపు లోపలికి వెళ్ళగానే మళ్ళీ పడింది. మార్టిన్ 'ఆథెంటిక్, వెరీ ఆథెంటిక్' అని ఫొటోలు తీసుకున్నాడు.

అసలు సంగతి మంగ్లు తర్వాత చెప్పాడు. ఇది ఇటుకల పండగ. విత్తనం చల్లే ముందు మగవాళ్ళంతా వేటకి వెళ్తారు. వెళ్ళి మూడు రోజులయింది. వాళ్ళు వేటతో తిరిగొచ్చేదాకా ఊళ్ళోకి ఎవరైనా రావచ్చు గానీ, వచ్చినవాళ్ళు బయటికి పోకూడదు. ఒక్క మనిషి బయట అడుగు పెట్టినా వేట దొరకదని ఈ ఊరి కట్టు. వెబ్‌సైట్‌లో ఇదెక్కడా లేదేమని మార్టిన్ గట్టిగా అడిగాడు. లోకల్ ఎక్స్‌పీరియన్స్ అని రాశాం కదండీ అన్నాడు మంగ్లు.

వరహాలరావు వాచీ నొక్కి చూశాడు. సిగ్నల్ లేదు. రిసీవర్‌లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ముందు దుంగ, ఊరి అవతలి చివర ఇంకో దుంగ, మూడో వైపు లోయ, నాలుగో వైపు కొండ. వల్లో తనూ ఉన్నాడు, పట్టాల్సిన చేపా ఉంది. ఒడ్డున మాత్రం ఎవరూ లేరు.

కాఫీ తోటలో ఉమ ఒంటరిగా దొరికింది.

"ఈ కాఫీలో మిరియం ఘాటు ఎక్కడిదండీ?" అన్నాడు. అది కోడ్.

"పక్క చెట్టుకి పాకిన తీగది," అంది ఆమె, సెల్ఫీ తీసుకుంటూనే. తర్వాత గొంతు తగ్గించి, పాస్‌వర్డ్ ఇచ్చేశానని చెప్పింది. మార్టిన్ తన ఎదురుగానే ఫైలు తెరిచి పేర్లు సరిచూసుకున్నాడట. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చుంటే లోయలోకి తోసేసేవాడట. ఇక వాడికి కావలసింది సిగ్నల్ ఒక్కటే.

వరహాలరావుకి ఒళ్ళు మండిపోయింది. రెండు జీతాల మనిషి ఇంకేం చేస్తుందిలే అనుకున్నాడు. ఆమెను మరొక్క మాట అడగబుద్ధి కాలేదు. అక్కడే తప్పు చేశాడు, కానీ ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

భోజనాల దగ్గర పెన్ను తీశాడు. మార్టిన్ నెగడుకి అవతల, నాలుగు గజాల దూరంలో కూర్చున్నాడు. ఈయన జరిగితే వాడూ జరిగాడు. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందని వాడు అడిగితే, ఊరు దాటాక రెండు గుట్టలున్నాయని, రెండింటి మీదా ఒక గీత వస్తుందని మంగ్లు అమాయకంగా చెప్పేశాడు. దక్షిణపు గుట్ట బడి వెనక, దగ్గర. ఉత్తరపు గుట్ట దూరం. వేటగాళ్ళు సాయంత్రం అటునుంచే దిగుతారు. ఈ చివరి ముక్క తెలుగులో చెప్పాడు. ఉమ దాన్ని మార్టిన్‌కి ఇంగ్లీషులోకి మార్చి, చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వరహాలరావుకి వినపడలేదు. లక్ష రూపాయల వినికిడి మిషన్ పెట్టుకుని కూడా.

దుంగ దగ్గర మార్టిన్ డాలర్లు చూపించాడు. ఆడవాళ్ళు నవ్వి, ఇంకోసారి ఆడమన్నారు. వాడి ముఖంలో నవ్వు అప్పటికే చాలావరకు అయిపోయింది.

మూడున్నరకి థింసా ఆట మొదలయింది. ఒకరి నడుము వెనక నుంచి ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళంతా గొలుసు కట్టారు. మార్టిన్ కూడా కలుస్తాడనీ, పక్కన చేరి సూది గుచ్చవచ్చనీ వరహాలరావు ముందే గొలుసులో దూరాడు. ఎడమ వైపు సోములమ్మ, కుడి వైపు ఉమ. ఆయన రెండు చేతులూ వెనక్కి వెళ్ళి చిక్కుకున్నాయి. పెన్ను జేబులో ఉంది. మార్టిన్ ఆటలోకి రాలేదు. ఫోను ఎత్తి వీడియో తీస్తున్నట్టు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, కాఫీ గింజలు ఆరబోసిన కళ్ళం దాటి, కంచె దూకి, కొండ దారి పట్టాడు.

వరహాలరావు చేతులు గుంజుకున్నాడు. ఎడమ చెయ్యి వచ్చేసింది. కుడి చెయ్యి రాలేదు. ఉమ పట్టు సడలించలేదు, ఆయన వైపు చూడనూ లేదు. విగ్గు ఊడి కింద పడింది. ఆయన అరిచాడు. పాట ఆగింది. గొలుసు విడిపోయేసరికి వాడు చెట్ల మధ్యకి వెళ్ళిపోయాడు.

కంచె దగ్గరికి పరిగెత్తాడు. అప్పటికే ఆడవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళను తోసుకుని పోవడం కష్టమేమీ కాదు, కానీ చెయ్యి లేవలేదు. కొండెక్కడానికి వాడికి అరగంట చాలు. వరహాలరావు ఉద్యోగంలో చేరాక మొదటిసారి నలుగురి ఎదుటా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"వదలండమ్మా," అన్నాడు సోములమ్మతో. "నేను పోలీసు లాంటివాణ్ణి. ఆ ఫోను గుట్ట ఎక్కితే మనుషులు చచ్చిపోతారు. వాళ్ళలో నా స్నేహితుడున్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు."

సోములమ్మ కంచె ముందు నుంచి కదల్లేదు.

"ఆడి ఎనకాల నువ్వూ ఎల్తే మా వోళ్ళకి ఏట దొరకదు బాబూ. ఏట నేకపోతే ఇత్తనం సల్లకూడదు. వాన ముందు సల్లకపోతే ఊరంతా పస్తు. నీకు ఇద్దరు పిల్లలు, నాకు ఊరంత పిల్లలు. ఏటి సెయ్యమంతావు?"

వరహాలరావు కంచె పక్కన కూలబడ్డాడు.

సోములమ్మ కొండ వైపు తిరిగింది. చెట్ల పైన మార్టిన్ ఎర్ర బ్యాక్‌ప్యాక్ ఒకసారి మెరిసింది. అది పోతున్నది ఉత్తరపు గుట్ట వైపు.

"కట్టు ఆడు తెంచీసినాడు," అంది. "మనిసి దాటకూడదు గానీ, కేక దాటితే తప్పు నేదు."

ఆవిడ డప్పు అందుకుంది. వేటలో జంతువుని కింది నుంచి తోలేవాళ్ళు వేసే కేక ఒకటి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఎప్పుడూ వెయ్యనిది. సోములమ్మ వేసింది. తర్వాత పదిహేను గొంతులూ కలిశాయి. పళ్ళేలు మోగాయి, బిందెలు మోగాయి. కొండ మీద ఎక్కడో కొమ్ముబూర ఒకటి జవాబిచ్చింది.

పైన జరిగింది సోంబరు తర్వాత చెప్పాడు. ఈయన సోములమ్మ మొగుడు, వేట జట్టుకి పెద్ద. మూడు రోజులుగా కుందేలు కూడా దొరకలేదు. ఉత్త చేతులతో ఇల్లు చేరితే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. అలాంటి దిగుల్లో ఉండగా 'ఏట పైకొత్తంది' అని కేక వినపడింది. ముప్పై మందీ గుట్ట మీది బండ చుట్టూ పొదల్లో వల పట్టుకుని కూర్చున్నారు.

మార్టిన్ రొప్పుతూ బండెక్కాడు. ఫోను ఎత్తాడు. ఒక గీత వచ్చింది. నొక్కాడు. పది శాతం. నలభై. వాడి చూపంతా తెర మీదే ఉంది. ఎనభై. పొదలు కదిలాయి. తొంభై మూడు. వల పడింది.

ఫోను సోంబరు కాళ్ళ దగ్గర పడింది. తొంభై ఆరు, తొంభై ఏడు. సోంబరుకి ఫోను కొత్తేమీ కాదు, కాఫీ రేటు రోజూ అందులోనే చూస్తాడు. ఆయనకి వచ్చిన కోపం వేరే. వేటలో ఫోను ఉండకూడదు. అది మోగితే అడవి బెదిరిపోతుంది, అది వాళ్ళ నియమం. తీసి తెర మీద నొక్కితే, 'పంపడం ఆపాలా?' అని అడిగింది.

"ఏటలో ఫోనేటి?" అంటూ ఆపేసి, స్విచ్ఛాఫ్ చేసి మొలలో దోపుకున్నాడు. అప్పటికి తొంభై ఎనిమిది.

సాయంత్రం ఐదింటికి వేటగాళ్ళు దిగారు. మార్టిన్ చేతులు వాడి తాడుతోనే కట్టారు. ఫోను చేతికి రాగానే వరహాలరావు నేల మీద కూర్చుండిపోయాడు. కామేష్ బతికాడు. ఈ సంగతి కామేష్‌కి ఎప్పటికీ తెలియదు. రేపు కూడా లేచి, షట్టరెత్తి, ఎవరికో గడ్డం గీస్తాడు. ఆ ఆలోచనకి ఆయనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఉమ పక్కనే వచ్చి కూర్చుంది. నల్లకళ్ళద్దాలు తీసేసింది.

"దచ్చినం గుట్టకి పోతే పది నిమిసాల్లో పంపీసీవోడు సార్. అటు పోలీసు క్యాంపు ఉందని అబద్ధం సెప్పి, ఏటగాళ్ళ మాట దాసీసి ఉత్తరానికి తోలినాను. మీరు ఎనకబడితే అడ్డదారిన దచ్చినానికే తిరిగీవోడు. అందుకే సెయ్యి వదల్నేదు." అద్దాలు మడుస్తూ అంది, "మాది బొబ్బిలి సార్. తోటలో ఒక్క మాట అడిగుంటే సెప్పీదాన్ని."

వరహాలరావు తల దించుకుని, క్షమించమ్మా అన్నాడు. అంతకంటే చెప్పడానికేముంది?

ఈలోగా ఊరి మధ్య పెద్ద గొడవ అవుతోంది. తెచ్చింది వేటేనని మగవాళ్ళు, కాదని ఆడవాళ్ళు. వల్లో పడిందంతా వేటేనన్నాడు సోంబరు. అప్పుడు సోములమ్మ తీర్పు చెప్పింది.

"కూరొండుకోడానికి పనికిరాందాన్ని ఏట అనరు."

ముప్పై మంది మీదా పేడనీళ్ళు పడ్డాయి. ముప్పై ఒకటోవాడిగా మార్టిన్ మీదా పడ్డాయి. ఈసారి వాడు ఆథెంటిక్ అనలేదు.

వేట కాలేదు కాబట్టి దుంగ లేవదు. తెల్లారి మళ్ళీ అడవికి పోవాలి. ఊళ్ళో ఖాళీగా ఉన్న మగవాడివి నువ్వూ పద అని సోంబరు వరహాలరావు చేతికి విల్లు ఇచ్చాడు. ఆయన విల్లు ఒళ్ళో పెట్టుకుని, సిగ్నల్ దొరికిన రోజున చీఫ్‌కి పంపాల్సిన రిపోర్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: "మిషన్ సక్సెస్. జాబితా భద్రం. ఏజెంట్ ఎప్పుడు తిరిగొస్తాడన్నది మాత్రం ప్రస్తుతం ఒక కుందేలు చేతిలో ఉంది."