ఇటుక మీద ఇనుప గీతలు

అశ్వారావుపేట బడిలో ఉద్యోగంలో చేరడానికి భార్గవికి ఇచ్చిన గడువు నిన్నటితో ముగిసింది. ఈ పొద్దున ఎప్పటిలాగే చండ్రుగొండలోని ఇంటి వాకిట్లో కూర్చుని, సానరాయి మీద నీళ్లు చిలకరించి, వడ్రంగి అయిన తండ్రి దూలయ్య చిత్రిక బ్లేడు నూరడం మొదలుపెట్టింది. తల్లి పోయిన దగ్గర నుంచి ఇది ఆమె పనే. దూలయ్యకు చేతులు వణుకుతాయి. తను నూరితే అంచు వంకరపోతుంది. అశ్వారావుపేటది హాస్టలు బడి, అక్కడే ఉండాలి. అందుకే ఆమె వెళ్లలేదు.

"నిన్నేం పని చేసినవ్ నాయినా? అంచంతా పోయింది."

"బిచ్యా ఇంటి తలుపు రెక్క. నల్లమద్ది చెక్క. రాయి లెక్కుంటది."

"మరి చెక్క పొట్టేది? పొయ్యిలకు పిడికెడన్న లేదు."

దూలయ్య టీ గ్లాసులోకి చూశాడు. "గాలికి పోయిందేమో."

"మంచి గాలే. వాకిలి ఊడ్చి మరీ పోయింది."

నీళ్లకని తొట్టి దగ్గరికి వెళ్లిన భార్గవికి దాని వెనకాల ఒక ఇటుక కనిపించింది. దాని మీద ఇనుప రంగు గీతలు, బ్లేడు వెడల్పున. ఎన్నో పాతవి, ఒకటి కొత్తది. ఇటుకను తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"ఇదేంది?"

దూలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేను పొద్దున నూరింది నువ్వు మాపటికి చెడగొడుతున్నవా?"

"చిత్రిక పట్టక ఎనిమిది నెలలైంది బిడ్డా. చేతులు ఆగుతలేవు."

"నీ పని ఆగిపోతదనే గదా నేను పోలే. ఉద్యోగం సంగతి నీకు తెల్వదా?"

"తెల్సు. మొన్న చెప్దామనుకున్న. నోరు రాలే."

ఆమె బ్లేడును రాయి పక్కన పెట్టింది. చేతికంటిన నల్లటి నీళ్లు తుడుచుకోలేదు.

"మీ అమ్మ పోయినంక నువ్వు నోరు తెరిచేది ఈ రాయి కాడనే," అన్నాడు దూలయ్య. "బ్లేడు పదునుగుంటే నువ్వు కూసోవు."

"అడగాల్సింది నాయినా. బడి నుంచి వారం వారం వచ్చి కూసునేదాన్ని. రాయి లేకున్నా."

దూలయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి. భార్గవికి కోపం తగ్గలేదు. అయినా దగ్గరికి జరిగి, తడి చేత్తోనే వాటిని పట్టుకుంది.

తర్వాత, గడువు దాటినా చేరొచ్చేమో అడుగుదామని బడికి ఫోన్ చేసింది. రెండుసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. బ్లేడు ఇంకా సగమే నూరి ఉంది.