మొగలో ఎర్ర రింగు

"ఒకటి... రెండు... మూడు... నడుం తిప్పండి! ఒరే ఆదెయ్యా, నువ్వు తల తిప్పుతుండావు, నడుం కాదు!"

చెంచులక్ష్మి అరుపుకి బడి ముందున్న కాకులు లేచిపోయాయి. ఇసుకలో గుండ్రంగా నిలబడిన పిల్లలు కిసుక్కుమన్నారు. అందరి నడుముల చుట్టూ బెత్తం రింగులు గిరగిరా తిరుగుతున్నాయి. మూడో తరగతి ఆదెయ్య మాత్రం ఉత్త చేతులతో ఊగుతున్నాడు.

"రింగు లేకుండా ఏం తిప్పేది లక్ష్మక్కా? గాలినా?" అన్నాడు వాడు.

నిజమే. దిబ్బపాళెం బడిలో రింగు లేనివాడు వాడొక్కడే.

ఈ రింగుల గొడవంతా ఎలిశబెతు టీచర్‌తో మొదలైంది. ఆమెతో కలిసి టీచరు ట్రైనింగు చదివిన స్నేహితురాలు ఇప్పుడు సింగపూరులో పని చేస్తోంది. ఆవిడ ఓడ మీద ఒక వస్తువు పంపింది. ఎర్రగా, నున్నగా, లోపల బోలుగా ఉన్న పెద్ద ప్లాస్టిక్ రింగు. దాని పేరు హూలా హూప్. టీచర్ వాళ్ల అన్న బిట్రగుంటలో రైల్వే ఉద్యోగి. దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియక మెడలో దండలా వేసుకుని బస్సెక్కి తెచ్చాడు. బస్సులో అందరూ పెళ్లికొడుకుని చూసినట్టు చూశారట.

రింగుతో పాటు ఒక కబురు కూడా వచ్చింది. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు చాలా దేశాల పిల్లలు ఈ రింగులతో ఒకే డాన్సు చేస్తారు. ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి పాటకు వాళ్లు. రింగు దేనితో చేసుకున్నా పరవాలేదు.

"కానీ టీచర్, మనకు నాలుగైనప్పుడు ఇంగ్లండులో ఇంకా పొద్దున గదా?" అని అడిగింది ముంతాజ్. వాళ్ల నాన్న ఊళ్లో బట్టల వ్యాపారి. ముంతాజ్‌కి అన్నిటికీ ఒక ప్రశ్న ఉంటుంది.

"అదే తమాషా," అంది టీచర్. "ముందు జపాను వాళ్లకి నాలుగవుతుంది. వాళ్లు ఆడతారు. తర్వాత సింగపూరు, తర్వాత బర్మా. ఆ తర్వాత మనం. మన తర్వాత కెన్యా, ఇంగ్లండు. ఆ రోజంతా లోకంలో ఎక్కడో ఒకచోట రింగు తిరుగుతూనే ఉంటుంది."

అది విన్నప్పటి నుంచి చెంచులక్ష్మికి నిద్ర లేదు. అయిదో తరగతిలో బాగా తిప్పేది తనే కాబట్టి టీచర్ తననే లీడర్ని చేసింది. ఎర్ర రింగు తనకిచ్చింది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి తలాపున పెట్టుకుని పడుకునేది.

"ఒక్కసారి ఇయ్యవా మే? ఒక్క తిప్పు తిప్పి ఇచ్చేస్తా," అని ముంతాజ్ రోజూ అడిగేది.

"లీడర్ రింగు ఇంకొకరు తాకకూడదు."

"తాకితే కందిపోతుందా?"

చెంచులక్ష్మి వినబడనట్టు అటు తిరిగేది.

మిగతా రింగులు చిన్నపోలయ్య తాత బెత్తం వంచి చేసి ఇచ్చాడు. సరిగ్గా ఆదెయ్య దగ్గరికి వచ్చేసరికి బెత్తం అయిపోయింది. మళ్లీ కోట ఊళ్లో సంత జరిగితే గాని దొరకదు.

"వీడి సంగతి నేను చూసుకుంటా టీచర్," అంది చెంచులక్ష్మి గొప్పగా. "లీడర్ని గదా!"

* * *

ఆ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతూ ఆదెయ్య వాళ్ల వాకిట్లో ఆగింది. ఇంట్లో ఎవరూ లేరు. వాళ్లమ్మ కామమ్మ నీళ్లకు పోయినట్టుంది.

పాక చూరు కింద సంచి వల వేలాడుతోంది. పెద్ద సంచిలా అల్లిన వల అది. దాని మూతికి బెత్తం రింగు కట్టి ఉంటుంది. దిబ్బపాళెంలో ఇంటింటికీ అలాంటి వల ఒకటి ఉంది. ఊరి పక్క సరస్సు నీళ్లు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. పోటు వచ్చినప్పుడు రొయ్యలన్నీ ఆ మొగలోంచే వస్తాయి. అక్కడ అందరూ ఒకేసారి వలలు వేస్తే తన్నుకు చావడమే. అందుకే ఊళ్లో వంతులు పెట్టుకున్నారు. వారానికి ఒక ఇల్లు. తన వంతు అయిన ఇల్లు, మళ్లీ ఊరంతా చుట్టి వచ్చేదాకా ఆగాల్సిందే.

వల మీద దుమ్ము పట్టి ఉంది. సాలెపురుగు గూడు కూడా పెట్టింది.

చెంచులక్ష్మి లెక్క వేసుకుంది. ఈ వారం వంతు ఎవరిదో అయిపోవస్తోంది. ఆ తర్వాత కామాక్షయ్య మామ వాళ్లది. ఆ తర్వాతే కామమ్మ అత్త వాళ్లది. ఈలోపల డాన్సు అయిపోతుంది. రింగు మళ్లీ కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

గబగబా ముడులు విప్పింది. వలని మడిచి చూరులోనే దోపింది. రింగు ఆదెయ్యకి మరీ పెద్దది. అందుకని దాని కట్టు కూడా విప్పి, ఇంకాస్త దగ్గరికి వంచి, తాడుతో గట్టిగా బిగించింది. ఎండిన బెత్తం కిర్రుమంది. చిన్నపోలయ్య తాతైతే ముందు నీళ్లలో నానబెట్టేవాడు. చెంచులక్ష్మికి అంత ఓపిక ఎక్కడిది?

"యాడిది లక్ష్మక్కా?" అన్నాడు ఆదెయ్య బడి దగ్గర దాన్ని చూసి, కళ్లు ఇంత చేసుకుని.

"యాడిదైతే నీకెందుకు? తిప్పు."

వాడు ఆ సాయంత్రమంతా ఇంటికి పోకుండా తిప్పుతూనే ఉన్నాడు.

* * *

శుక్రవారం చివరి ప్రాక్టీసు. ఆదెయ్య ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే రింగు నడుముకి వేసుకుని, తిప్పుతూనే అరిచాడు.

"అక్కా! మా వంతు వచ్చేసింది!"

"ఏం వంతు?"

"మొగలో వంతు! కామాక్షయ్య మామ ఇంట్లో పాప పుట్టిందంట. పురుడింటోళ్లు మొగలో వల వెయ్యరు గదా. అందుకని మాకొచ్చింది. రేపు తెల్లారి పోటుకే మా నాయన వల కడతాడు. ఈ వంతు మీద మా పాకకి కొత్త కప్పు! ఇంక వానొస్తే నా మీద కారదు!"

వాడి నడుం చుట్టూ వాళ్లింటి రింగే తిరుగుతోంది. వాడికి తెలియదు.

చెంచులక్ష్మి చప్పున తిరుగుతున్న రింగుని పట్టుకుని ఆపింది.

"ఇటియ్యి. కట్టు వదులైంది. బిగించి ఇస్తా," అని రింగు లాక్కుని బడి వెనక్కి పరిగెత్తింది. తాడు విప్పింది. రింగుని మళ్లీ మునుపటంత చెయ్యాలని రెండు చేతులా సాగదీసింది.

టప్!

బెత్తం మధ్యకి విరిగింది.

విరిగిన ముక్కలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది. చూరులో పడేస్తే ఎలుక కొరికిందనుకుంటారులే అనుకుంది. మరి ఎలుక ముడులు విప్పుతుందా? ఏడుపొచ్చింది.

ఇంటికి పోయినా అన్నం ముట్టలేదు. వాళ్లమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. మెడ కింద పెట్టి చూసింది.

"జొరం లేదే! గొంతు నొప్పా? ఎండలో ఎగరొద్దంటే వింటేనా! ఏమైనా గుచ్చుకుందా? చెప్పు తల్లీ, నాకు గుండె దడగా ఉండాది."

ఆ చల్లటి చెయ్యి తగిలేసరికి చెంచులక్ష్మి ఆగలేకపోయింది. అంతా చెప్పేసింది. పావడా చాటు నుంచి విరిగిన బెత్తం తీసి చూపించింది.

అమ్మ ముఖం పాలిపోయింది. కొట్టలేదు, తిట్టలేదు. చీర కొంగుతో కూతురి ముక్కు తుడిచింది.

"పద. నేను వెంట వస్తా. చెప్పేది మాత్రం నువ్వే."

* * *

కామమ్మ ఇంటి ముందు దీపాల వేళ హడావుడిగా ఉంది. ఆదెయ్య నాన్న రమణయ్య వల కింద పరుచుకుని రింగు కోసం మూలమూలా వెతుకుతున్నాడు. చిన్నపోలయ్య తాత కూడా వచ్చి కూర్చున్నాడు.

చెంచులక్ష్మి బెత్తం ముక్కలు ముందుకు చాపింది.

"నేనే తీసినా అత్తా. ఆదెయ్యకి రింగు లేదని... మీ వంతు ఇంకా రాదనుకున్నా. మళ్లీ కట్టేద్దామనుకున్నా. విరిగిపోయింది."

ఆదెయ్య నోరు తెరిచాడు.

"అయితే నేను తిప్పింది మా రింగేనా?"

"అడిగుంటే చెప్పేదాన్ని గదా మే," అంది కామమ్మ మెల్లగా. ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. "కామాక్షయ్య కోడలికి నెలలు నిండినాయి, వంతు ఇటు తిరగొచ్చు అని ఊరంతా అనుకుంటుండారు. ఒక్క మాట అడిగుంటే..."

"దుమ్ము పట్టి ఉండింది అత్తా. ఊరికే ఉండాదిలే అనుకున్నా."

"ఊరికే యాడుండాది? దాని వంతు కోసం కూచోనుండాది."

రమణయ్య తాత వైపు చూశాడు. తాత తల అడ్డంగా ఊపాడు. "బెత్తం పుల్ల కూడా లేదు అబ్బయా. పిల్లోళ్ల రింగులు వలకి చాలవు. రెండు కలిపి కడితే పోటు తోసుకొచ్చినప్పుడు అతుకు దగ్గర ఊడిపోతాది."

చెంచులక్ష్మి వల మూతి వైపు చూసింది. చేతులు చాపి కొలిచింది. అంత రింగు ఊళ్లో ఇంకొకటి ఉంది. తన తలాపున.

పరుగున పోయి తెచ్చేద్దామని కాలు కదిపింది. మళ్లీ ఆగింది. అది తనది కాదు.

"ఇప్పుడే వస్తా అత్తా! టీచర్ని అడగాల!"

టీచర్ బడి పక్క గదిలోనే ఉంటుంది. చెంచులక్ష్మి రొప్పుతూ చెప్పినదంతా ఆమె కదలకుండా విన్నది.

"ఎర్ర రింగు వలకిస్తే రేపు నువ్వేం తిప్పుతావు?"

"తెలీదు టీచర్."

"లీడర్‌వి కదా?"

చెంచులక్ష్మి తల వంచుకుంది. "వాళ్ల వంతు పోతుంది టీచర్. ఇస్తారా?"

"తీసుకెళ్లు," అంది టీచర్. ఆమె గొంతు ఎందుకో మెత్తగా ఉంది.

రమణయ్య రింగుని వేలితో టకటకా కొట్టి చూశాడు. వల మూతికి సరిగ్గా సరిపోయింది.

"సింగపూరు రింగుకి దిబ్బపాళెం వల!" అని నవ్వాడు. "ఎర్ర గాజు చూసి రొయ్యలన్నీ ఎగబడతాయి చూడు!"

కామమ్మ కూడా నవ్వింది. అప్పుడుగానీ చెంచులక్ష్మి అమ్మకి ఊపిరి ఆడలేదు.

* * *

శనివారం సాయంత్రం మొగ దగ్గర ఇసుక దిబ్బ మీద ఊరంతా చేరింది. నీళ్లలో రెండు గుంజల మధ్య ఎర్ర రింగు సగం బయటికి కనిపిస్తోంది.

కానీ రెండు రింగులు తక్కువ. చెంచులక్ష్మికి లేదు, ఆదెయ్యకి లేదు.

"ఆదెయ్యని తీసేద్దాం. నువ్వు నాది తీసుకో," అంది ముంతాజ్. "లీడర్ లేకుండా ఎట్టా?"

ఆ మాట అంటున్నప్పుడు ముంతాజ్ చేతులు తన రింగుని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. చెంచులక్ష్మికి అది కనిపించింది. అన్నాళ్లూ తను ఎర్ర రింగుని పట్టుకున్నది కూడా అలాగే.

ఆమె మొగ వైపు చూసింది. పోటు నీళ్లు రింగులోంచి దూరి వలలోకి పోతున్నాయి. ఈ వారం ఆదెయ్య వాళ్ల వల. వచ్చే వారం ఇంకొకరిది.

"ఎవరినీ తియ్యొద్దు," అంది. "వంతులు వేసుకుందాం! నేను చప్పట్లు కొట్టగానే ఎవరి రింగు వాళ్లు కుడిపక్క వాళ్లకి ఇయ్యాల. చేతులు ఖాళీ అయినోళ్లు తాళం వెయ్యాల. మళ్లీ చప్పట్లు కొడితే మళ్లీ ఇయ్యాల."

"మొగలో లాగానా?" అన్నాడు ఆదెయ్య.

"మొగలో లాగానే."

నాలుగైంది. వల లాగే వాళ్ల పాట ఎత్తుకున్నారు పెద్దవాళ్లు. రింగులు గిరగిరా తిరిగాయి, చేతులు మారాయి, మళ్లీ తిరిగాయి. ఒకసారి రింగు చెంచులక్ష్మి నడుముకి వచ్చింది. ఒకసారి పోయింది. పోయినప్పుడు ఆమె అందరికంటే గట్టిగా తాళం వేసింది. కింద పడ్డ రింగులు కొన్ని ఉన్నాయి. నవ్వులు చాలా ఉన్నాయి.

"ఇంక కెన్యా వాళ్ల వంతు," అంది ముంతాజ్ ఆయాసపడుతూ, పొద్దు వాలే వైపు చూస్తూ.

"మీ స్నేహితురాలికి ఏమని రాస్తారు టీచర్?" అని అడిగింది చెంచులక్ష్మి. "ఎర్ర రింగు ఏమైందని అడుగుతారేమో?"

"నువ్వే చెప్పు, ఏం రాయమంటావు?"

"మొగలో పనిలో ఉండాదని రాయండి."

* * *

వంతు అయిపోయాక రమణయ్య రింగుని శుభ్రంగా కడిగి బడికి తెచ్చిచ్చాడు. ఎంత కడిగినా రొయ్యల వాసన పోలేదు. టీచర్ దాన్ని వరండాలో మేకుకి తగిలించింది. ఇంటికి తీసుకుపొమ్మని ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు చెంచులక్ష్మి బడికి తొందరగా వచ్చింది. వరండాలో ఎవరూ లేరు. రింగు మేకుకి ఊరికే వేలాడుతోంది. గాలికి కొంచెం ఊగుతోంది కూడా, రమ్మన్నట్టు.

ఆమె చెయ్యి పైకి లేచింది. సగంలో ఆగింది.

తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూసింది.

"టీచర్! ఈ రింగు ఇవాళ ఎవరి వంతు?"

టీచర్ రాస్తున్నది ఆపి తలెత్తింది.

"ఎవరూ అడగలేదే ఇంకా. నువ్వే ముందు. ఎవరి వంతు అంటావు?"

చెంచులక్ష్మి మేకు మీంచి రింగు తీసింది. నడుముకి వేసుకోలేదు. భుజానికి తగిలించుకుని వీధిలోకి పరుగు తీసింది.

"ముంతాజ్! ఒసే ముంతాజ్! బయటికి రా మే, ఇవాళ నీ వంతు!"