కప్పు మీద సప్పుడు

గోదావరిఖనిల ఎవలనన్న అడుగుండ్రి — మూతపడ్డ పాత బాయి ఎనుక రేకుల షెడ్డు ఏడున్నదో చెప్తరు. తొవ్వ గూడ చూపిస్తరు. తోడు మాత్రం రారు.

బాయంటే నీళ్ల బాయి అనుకునేరు. బొగ్గు బాయి. మా దిక్కు బాయికి పోవుడంటే డ్యూటీకి పోవుడే. ఆ బాయి మూసి ఎన్నో ఏండ్లైంది. మూతికి అడ్డం గోడ కట్టిండ్రు. ఆ గోడను ఆనుకొనే ఈ షెడ్డు. అండ్ల కార్ల పని పెట్టుకున్నోళ్లు ఇద్దరు. ఇద్దరూ సామాను గూడ సదురుకోకుండ ఉరికిండ్రు.

పొద్దుమీకి చీకటి పడంగనే సప్పుడు వస్తదట. టక్... టక్... ఇనుము మీద ఎవలో మెల్లగ కొట్టినట్టు. కొడ్తది, ఆగుతది. కొట్టినప్పుడు కాదు, ఆగినప్పుడే పానం పోయినంత పనైతదని చెప్పిండ్రు ఉరికినోళ్లు. ఎందుకంటే... ఎవలో చెవి పెట్టి ఇంటున్నట్టే ఉంటదట.

ఊరంతా వద్దన్న ఆ షెడ్డునే జైపాల్ తీసుకున్నడు. తీసుకోక ఏం చేస్తడు పాపం?

జైపాల్ డెంటింగ్ మేస్త్రి. కార్ల సొట్టలు తీసుడు, తుప్పు తిన్న కాడ కోసి కొత్త రేకు అతుకుడు ఆయన పని. చిన్నప్పటి సంది సదానందం గ్యారేజీల సుత్తె కొట్టిండు. సదానందం సంగతి తెలువనోళ్లు లేరు. పనోళ్లను తిట్టందే ముద్ద దిగదు ఆయనకు. ఒకనాడు గిరాకీల ముందర జైపాల్‌ను పట్టుకొని అమ్మనక్కలు తిట్టిండు. జైపాల్ సుత్తె ఆడనే పెట్టి బయటికొచ్చిండు, మల్ల ఆ గడప తొక్కలె.

సొంతంగ దొరికిన మొదటి పని ఒక పాత అంబాసిడర్. జ్యోతినగర్ వేణుమాధవ్ సారుది. పైకెల్లి చూస్తే పెండ్లికొడుకు లెక్కనే ఉన్నది, కింద చూస్తే జల్లెడ. డోర్ల అడుగులు, టైర్ల మీది రేకులు, డోర్ల కింద పొడుగు పట్టీలు — అంతా తుప్పు.

"ఐతారం లోపట చేసియ్యి, మా దోస్తుల పాత బండ్లన్ని నీ కాడికే వస్తయి," అన్నడు సారు. "నీతోని కాదంటే ఇప్పుడే చెప్పు. సదానందం కాడికి తోలుకపోత."

ఆ రాత్రి అన్నం పెట్టుకుంట పెండ్లాం రమ ఒక్కటే మాట అన్నది. "గీ పని పోతే మల్ల ఆయన తిట్లు తినుడే. యాదుంచుకో."

మర్నాడే మొదలైంది సప్పుడు.

జైపాల్ షట్టరు దించి, ఇంటికి పోదామని సైకిల్ మోటరు తిప్పిండు. లోపలికెల్లి — టక్. ఆగింది. టక్... టక్. షెడ్డుకు ఎనుక దిక్కు రేకు ఊడిపోయి మనిషి పట్టే సందున్నది. బండి ఆడనే ఇడిసి సందు దిక్కు ఉరికిండు. ఎవలూ లేరు. ఫోను లైటు ఏసి చూస్తే, కారు కప్పు మీది దుమ్ముల గుండ్రటి మచ్చలు, కట్టె కొస ఆనిచ్చినట్టు. ఈ కొసకెల్లి ఆ కొసదాక, వరుసగ.

భయమైంది. అబద్ధమెందుకు, మస్తు భయమైంది. కని జైపాల్‌ది అనుమానం పుర్రె. దెయ్యానికి కట్టె ఎందుకుర బై, అనుకున్నడు. ఇది మనిషి పని. షెడ్డు కెల్లి నన్ను ఎల్లగొడితే ఎవనికి లాభం?

పొద్దుగాల్లనే సదానందం గ్యారేజీ ముంగటికెల్లి కావాల్నని పోయిండు. సదానందం నవ్వుకుంట పిలిచిండు. "ఆ జాగ మంచిది కాదు తమ్మి. సామాను తెచ్చుకో, నా కాడ పని చేసుకుందువు."

ఎన్నడూ తమ్మి అన్న నోరు కాదది. చాయ్ గూడ తాపిండు. ఇగ జైపాల్‌కు రవ్వంత ఉన్న అనుమానం కొండంత అయింది. చాయ్ తాగినంత సేపు సదానందం చేతుల దిక్కే చూసుకుంట కూసున్నడు.

ఆనాడు పొద్దుమీకంగ లైటు బంద్ చేసిండు. టైర్లు ఇప్పి ఉన్న దిక్కు డోరు కింది పట్టీకి జాకీ పెట్టి, బండి లేపి, కింద గోనెసంచి పరుసుకొని పండుకున్నడు. చేతుల సుత్తె. రానీ, వచ్చినోని కాలు ఇరగ్గొట్టాలె, పొద్దుగాల ఊరందరికి చూపియ్యాలె... గదే పట్టుదల.

మామూలు రోజైతే జాకీ పెట్టేముందు రేకు మీద ఏలితోని కొట్టి చూస్తడు. మంచి రేకు ఖంగున పలుకుతది, లప్పం పూసి మూసిన తుప్పు మట్టికుండ లెక్క పలుకుతది. ఆనాడు చెవులన్ని సందు దిక్కే ఉన్నయి. కొట్టి చూడలె.

చీకటి... పురుగుల సప్పుడు... దూరంగ బొగ్గు లారీలు.

అడుగులు ఇనవడ్డయి. మెల్లగ, కాళ్లు ఈడ్సుకుంట.

టక్. కారు కప్పు మీద. ఆగింది. టక్. జర ఇటు. టక్... ఇంకా ఇటు. డోరు మీద. డోరు కింద పట్టీ మీద, జైపాల్ తలకాయకు ఆనుకొనే —

డబ్.

సప్పుడు మారింది. ఆ తర్వాత ఏ సప్పుడూ లేదు. ఊపిరి మాత్రం ఇనవడ్తున్నది.

"ఎవలు లోపల?"

గుసగుస. సదానందం గొంతు కాదు.  సుత్తె లేపుదామంటే చెయ్యి లేస్తలేదు.

"బయటికి రా బిడ్డ... కప్పు బోలున్నది. దిగుతది."

చీకట్లకెల్లి ఒక చెయ్యి లోపలికొచ్చింది. కండ లేదు, బొక్కలే ఉన్నయి ఆ చేతికి. అది తడుముకుంట, తడుముకుంట వచ్చి జైపాల్ మణికట్టు పట్టుకున్నది. అప్పుడే మొఖం మీద సన్నగ మట్టి రాలింది... మట్టి కాదు, లప్పం.

ఎట్ల బయటవడ్డడో ఆయనకే ఎరుకలేదు. అరికాళ్లకు ఏదో గట్టిగ తాకింది, గంతే యాది. ఎనుక జాకీ పట్టీల దిగవడ్డది. అంబాసిడర్ దబ్బున నేలకు కూసున్నది.

ఫోను లైటు ఏసిండు. ఎదురుంగ నిలవడ్డది దయాసాగర్ కాక. దగ్గర్లున్న క్వార్టర్ల ముసలాయన, చేతుల పొడుగు కట్టె. ఒకప్పుడు ఆ బాయిలనే సర్దార్. పనోళ్లను లోపలికి పంపేముందు బొగ్గు కప్పును కట్టెతోని కొట్టి, ఇని, మంచిగుంటేనే పొమ్మనేటోడు. బోలు పలికితే అందరిని బయటికి తోలేటోడు. ఇప్పుడు తిన్నది యాదికుండదు, కొడుకు పేరు యాదికుండదు. ఆ పని మాత్రం చేతులల్ల ఉండిపోయింది.

సందు కెల్లి కోడలు మార్తమ్మ ఉరికొచ్చింది, రొప్పుకుంట. "ఈడున్నవా మామా... పొద్దుమీకంగ ఇంట్ల ప్రార్థన చేస్తం తమ్మి, అందరం కండ్లు మూసుకుంటం. తెరిచేసరికి ఈయన ఉండడు. రోజూ చర్చి దిక్కు దేవులాడుతం. గిటు వస్తడని ఎరుకలేదు."

జైపాల్‌కు దుఃఖం ఆగలె. "సుత్తె పట్టుకొని ఉన్న అక్క. జర అయితే కాకను కొట్టేటోన్ని."

సదానందాన్ని ఉత్తగనే అనుమానించినందుకు సిగ్గు గూడ అయింది. మరీ అంత కాదు, కొంచెమే.

పానం తేలికైంది. దెయ్యం లేదు, పగోడు లేడు. ఇద్దరు దుక్కలసొంటి మేస్త్రిలు ఉరికింది ఈ ముసలాయనకు భయపడి. ఐతారం లోపట కొత్త పట్టీ అతికితే అయిపాయె, షెడ్డు నిలవడ్డట్టే. రమకు ఎప్పుడు చెప్తనా అనిపించింది.

"నడువుండ్రి కాక, ఇంటికి పోదాం," అన్నడు.

ముసలాయన కదలలె. "సర్దార్ అందరి ఎనుక రావాలె."

"అందరం వచ్చినం కాక."

"నువ్వొచ్చినవ్. నీ ఎనుకున్న పనోడు రాలే."

"నేనొక్కన్నే ఉన్న, కాక."

అబద్ధమాడే పనోణ్ని చూసినట్టు చూసిండు ముసలాయన. "నిన్ను గుంజే బలం నాకేడున్నది బిడ్డ? నేను చెయ్యి పట్టుకున్న, గంతే. నీ కాళ్లు పట్టి లోపలికెల్లి నూకింది వాడే."

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. జైపాల్ అరికాళ్లు సల్లవడ్డయి.

ముసలాయన మోకాళ్ల మీద కూసున్నడు. నేలకు ఆనిన అంబాసిడర్ కిందికి, చెయ్యి పట్టని ఆ సందు కాడ, అరచెయ్యి చాపిండు.

"నువ్వు గూడ రా బిడ్డ. షిఫ్టు అయిపోయింది."

 ఆ సన్నటి చెయ్యి గాలిల చాలసేపు ఉన్నది. ఉండి ఉండి... బరువు పడ్డట్టు కిందికి వంగింది. ముసలాయన పండ్లు బిగవట్టి, రెండో చెయ్యి గూడ సాయం పెట్టి, మెల్లగ లేసి నిలవడ్డడు.

"ఆఁ... ఇగ పోదాం."

ముంగట మార్తమ్మ నడిచింది, ఆమె ఎనుక జైపాల్. ఆఖరికి ముసలాయన. జైపాల్ ఒక్కసారే తిరిగి చూసిండు. తనకు, ముసలాయనకు నడుమ ఒక మనిషి నడిచేంత జాగ ఇడిసి వస్తున్నడు సర్దార్.