ఎడమవైపు రేకుల షెడ్డు

"ఠంగ్!"

ఆ చప్పుడుకి కోచ్ కళ్ళు మూసుకుంది. చూడక్కర్లేదు. ఎడమవైపు చివర, గడ్డి కోసే యంత్రం పెట్టే రేకుల షెడ్డు మీద పడింది బంతి. ఈ పొద్దున అది పదకొండోది.

"సారీ అండీ," అన్నాడు పళ్ళ డాక్టరు.

"నాకెందుకు సారీ? ఆయనకి చెప్పండి."

షెడ్డు పక్కన గడ్డి కోసే ముసలాయన నెత్తి మీద ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని నిలబడి ఉన్నాడు. డాక్టరుగారి క్లాసున్న రోజుల్లో ఆయన టోపీ మానేసి బకెట్టే పెట్టుకుంటున్నాడు.

"కానీ మొదట్లో నేరుగా వెళ్ళింది, చూశారా?" అన్నాడు డాక్టరు ఆశగా.

"మొదట్లో అందరూ నేరుగానే ఉంటారు డాక్టర్ గారూ. సగం దూరం పోయాకే అసలు బుద్ధి బయటపడుతుంది."

గోల్ఫ్‌లో దాన్ని హుక్ అంటారు. బంతి బుద్ధిగా బయల్దేరి, ఏదో మర్చిపోయినదానిలా గాల్లోనే ఎడమకి తిరిగిపోతుంది. ఇనప మొహం ఉన్న ఐరన్ కర్రల్లో ఏది చేతికిచ్చినా డాక్టరుది అదే వరస. రెండు నెలలుగా కోచ్ చెయ్యని ప్రయత్నం లేదు. గ్రిప్ మార్పించింది. కాళ్ళ కింద టేపు గీతలు వేసి నిలబెట్టింది. చంకలో తువ్వాలు పెట్టించి కొట్టించింది. ఐరన్లు వంగి ఉన్నాయేమోనని షాపుకి పంపి కొలిపించింది. ఐరన్లు నిక్షేపంలా ఉన్నాయి. మనిషే లొంగడంలేదు.

పోనీ కోపంగా అరుద్దామంటే, ప్రతి బంతికీ అతను తిరిగి ఆమె మొహంలోకి చూసే చూపు ఒకటి ఉంది. ఫెయిలైన మార్కుల కాగితం దాచుకున్న పిల్లాడి చూపు. అది చూస్తే సగం కోపం దిగిపోతుంది. దిగిపోయినందుకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజే మేనేజరు పిలిచాడు.

"చూడమ్మాయ్, నీ మూడు నెలల ట్రయల్ శనివారంతో అయిపోతుంది. ఇద్దరు స్టూడెంట్లు బాగానే ఆడుతున్నారు. మూడోవాడి సంగతి రేకుల షెడ్డే చెబుతోంది. శనివారం నేనే వచ్చి చూస్తా. సెవెన్ ఐరన్, పది బంతులు. ఆరు ఆ రెండు ఎర్రజెండాల మధ్య పడాలి. లేదంటే సోమవారం నుంచి మా బామ్మర్ది కోచింగ్ చూసుకుంటాడు."

"ఆయనకి ఆట వచ్చా సార్?"

"వాడికి టీషర్టులు బాగా నప్పుతాయి."

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాలుగేళ్ళు అదే గోల్ఫ్ ప్రాక్టీసు రేంజిలో కౌంటర్ వెనక కూర్చుని బంతుల బుట్టలు నింపి ఇచ్చింది. ఖాళీ దొరికినప్పుడల్లా ఆడేవాళ్ళ మోచేతులూ భుజాలూ చూసి చూసి, పుస్తకాలు చదివి, పరీక్ష రాసి, కోచ్ అయింది. ఇప్పుడు ఒక్క మనిషి మణికట్టు వల్ల మళ్ళీ ఆ బుట్టల దగ్గరికే పోవాలా?

ఇంటికొచ్చి నానమ్మ దగ్గర కడుపులోదంతా కక్కింది. నానమ్మ తాపీగా విని, కొత్త కట్టుడు పళ్ళు మెరిసేలా నవ్వింది. ఆ పళ్ళు ఆ డాక్టరు కట్టినవే.

"పిచ్చిదానా, ఆ అబ్బాయి కావాలనే కొడుతున్నాడే."

"ఎవరైనా కావాలని తప్పు కొడతారా నానమ్మా?"

"మీ తాత నాకు సైకిలు నేర్పడానికి ఏడాది పట్టింది. నాకు మూడో రోజుకే వచ్చేసింది."

"మరి ఏడాదంతా ఏం చేశావు?"

"పడిపోతూ ఉండేదాన్ని."

బుధవారం పొద్దున ఆరో "ఠంగ్" తర్వాత కోచ్ ఇక ఆగలేకపోయింది.

"నిజం చెప్పండి. కావాలనే కొడుతున్నారు కదూ?"

డాక్టరు ఐరన్ దించాడు. "ఏంటండీ?"

"క్లాసులు అయిపోకూడదని! మీకిది సరదా. శనివారం మీ బంతులు ఎడమకి పోతే నేను కౌంటర్లో బుట్టలు నింపుకోవాలి, తెలుసా?"

అతని మొహం పాలిపోయింది. "ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చేతులు బిగుసుకుంటాయని!"

అతను గ్లోవ్ ఊడదీసి అరచెయ్యి చూపించాడు. వేళ్ళ మొదట్లో మూడు బొబ్బలు. ఒకటి పగిలి ఉంది.

"రోజంతా ఈ చేతులతో జనం నోళ్ళల్లో పని చెయ్యాలండీ. ఎవరైనా కావాలని బొబ్బలు తెచ్చుకుంటారా?"

ఐరన్లు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి కూడా చూడలేదు. ముసలాయన బకెట్ తీసి, కోచ్ వైపు "ఏం పని చేశావమ్మా" అన్నట్టు చూశాడు.

గురువారం అతను క్లాసుకి రాలేదు. ఆమెకి మాత్రం తెల్లవారుజామునే దవడ పోటు మొదలైంది. ఎనిమిదింటికల్లా ఆ పక్క చెవి కూడా లాగేస్తోంది.

"పద డాక్టరు దగ్గరికి," అంది నానమ్మ.

"వేరే డాక్టరు దగ్గరికి."

"నా పళ్ళు కట్టినవాడు నీ పన్ను పీకలేడా? నడు."

క్లినిక్‌లో అతను పొడిపొడిగా పలకరించాడు. కుర్చీలో పడుకోబెట్టి, ఎక్స్‌రే చూసి, "జ్ఞానదంతం. వంకరగా వచ్చింది. తియ్యాలి," అన్నాడు.

"ఎటు వంకర?"

"ఎడమకి."

"అనుకున్నా."

అతను నవ్వు ఆపుకోవడానికి మాస్క్ పైకి లాక్కున్నాడు. మత్తు ఇంజెక్షన్ పనిచేసేదాకా ఆమె గదంతా చూస్తూ కూర్చుంది. పళ్ళ బొమ్మ, చేతులు కడిగే సింకు, మూలన నేల తుడిచే కర్ర. ఆ కర్ర పిడికి టేపు చుట్టి ఉంది. ఆమె నేర్పిన గ్రిప్‌కి సరిగ్గా సరిపోయేలా, వేళ్ళ చోట్లలో పెన్నుతో గుర్తులు. కర్ర కింద నేల మీద రెండు టేపు గీతలు, కాళ్ళు పెట్టుకోవడానికి.

పన్ను పోటు కన్నా అది ఎక్కువ గుచ్చింది.

అతను పని మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు పైనున్న లైటు మీద పడ్డాయి. ఆ మెరుపులో అతని చేతులు అద్దంలోలా కనిపిస్తున్నాయి. ఎడమచేతిలో చిన్న అద్దం, పిసరంత కూడా కదలకుండా. కుడిచేతిలో పనిముట్టు. పన్ను కదిలే సమయానికి కుడి మణికట్టు గిర్రున తిరిగి అరచెయ్యి బోర్లాపడింది. పన్ను ఊడొచ్చింది.



ఈ తిప్పుడు ఆమెకి తెలుసు! రెండు నెలలుగా రోజూ చూస్తున్నదే. బంతిని తాకే ఆ క్షణంలో ఈ చెయ్యే ఇలాగే బోర్లాపడి ఐరన్ మొహాన్ని ఎడమకి తిప్పేస్తోంది. అతను బంతిని కొట్టడంలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన చేత్తో పీకుతున్నాడు!

అతను దూది పెట్టి చెయ్యి వెనక్కి తియ్యగానే ఆమె ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అఏ! అఏ ఈ ఉక్!"

"నొప్పిగా ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఉక్! ఉక్!"

"దూది కొరికి పట్టుకోండి. గంటసేపు మాట్లాడకూడదు."

ఆమె గుడ్లు ఉరిమింది. అతను మాస్క్ తీశాడు. ఆమె ఇంకా వదలని చేతివైపు ఓసారి, ఆమె మొహంవైపు ఓసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అంటే ఇప్పుడు నేనేమన్నా మీరు తిట్టలేరన్నమాట. మళ్ళీ ఇలాంటి అవకాశం రాదు, చెప్పేస్తాను. కావాలని కొట్టలేదండీ. కానీ బంతి ఎప్పుడు తిన్నగా పోతుందో, ఆ మర్నాటి నుంచి మీ దగ్గరికి ఏం చెప్పి రావాలా అని బెంగ ఉండేది. బెంగ ఉన్నా ప్రతిసారీ నేరుగా కొట్టాలనే చూశాను. షెడ్డు మోగినప్పుడల్లా మీ మొహం వాడిపోయేది, అది చూడలేక. మీకిష్టమైతే మీ నానమ్మగారితో మాట్లాడతాను. ఇష్టం లేకపోతే గంటయ్యాక తిట్టండి."

తిమ్మిరెక్కని పక్క చెంప వేడెక్కడం ఆమెకి తెలుస్తూనే ఉంది. ఏం మనిషి! రెండు నెలలు నోరు ఖాళీగా ఉన్నప్పుడు చెప్పక, దూది కుక్కాక చెబుతాడా?

బల్ల మీది మందుల చీటీ లాక్కుని గబగబా రాసింది. అతను పైకి చదివాడు. "'బంతిని పీకకండి. అద్దం పట్టుకోండి.' ఇది నేనడిగినదానికి జవాబా, మందు చీటీనా?"

ఆమె విసుగ్గా లేచి తుడిచే కర్ర తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఎడమచేతి వెనక భాగాన్ని కిటికీవైపు తిప్పింది. ఆ చేతిలో పళ్ళ అద్దం ఉందనుకోమన్నట్టు సైగ చేసింది. తర్వాత కుడి మణికట్టు తిరగకుండా పట్టుకుని, కర్రని మెల్లగా ఊపించింది. ఎడమచెయ్యి కిటికీనే చూస్తూ సాగింది.

డాక్టరు నోరు తెరిచాడు. "నేను... పన్ను పీకుతున్నానా?"

"ఊఁ!"

నానమ్మ తలుపులోంచి తొంగిచూసింది. "గంటసేపు నోరు మూయించే మందేదో నాకూ ఓ పొట్లం కట్టివ్వు నాయనా. ఇంట్లో పనికొస్తుంది."

శుక్రవారం పొద్దున షెడ్డు నాలుగుసార్లే మోగింది.

శనివారం మేనేజరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన బామ్మర్ది, ఇస్త్రీ టీషర్టులో. వెనక నానమ్మ. మొదటి బంతి, "ఠంగ్". కోచ్ పళ్ళు నూరుకుంది, మిగిలినవాటితో.

"అద్దం," అంది నెమ్మదిగా. "రోగి నోట్లో ఉంది. కదిలించకండి."

రెండో బంతి జెండాల మధ్య పడింది. మూడోది కూడా. నాలుగోది కుడికి జారింది. ఐదు, ఆరు లోపల. ఏడు మళ్ళీ రేకు. ఎనిమిది, తొమ్మిది...

"ఆరు," అన్నాడు మేనేజరు, తన పంటినే ఎవరో పీకినట్టు. "సరేనమ్మాయ్. సోమవారం నుంచి కోచింగ్ నీదే." బామ్మర్దిని తీసుకుని లేచాడు. ముసలాయన నెత్తిమీది బకెట్ తీసి నేలమీద పెట్టాడు.

కోచ్ బంతుల బుట్ట చేతిలోకి తీసుకుంది.

"ఇంకో బంతి ఉంది," అన్నాడు డాక్టరు. "మీ నోట్లో ఇప్పుడు దూది కూడా లేదు. మరి నా జవాబు?"

"ముందు బంతి కొట్టండి."

అతను నిలబడ్డాడు. ఊపాడు. కుడిచెయ్యి గిర్రున బోర్లాపడింది.

"ఠంగ్!"

ముసలాయన బకెట్ కోసం పరిగెత్తాడు. కోచ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో రామా! ఇంత చెప్పాక కూడానా? ఇదేంటండీ?"

"ఇదొక్కటీ కావాలనే," అన్నాడు డాక్టరు. "ఇక నేర్చుకోవాల్సిందేమీ లేదంటారేమోనని."

ఆమె అతనివైపు చూసింది. కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించింది. వెనక నానమ్మ కట్టుడు పళ్ళు ఊడిపోయేలా నవ్వుతోంది.

"మా నానమ్మ కూడా ఇలాగే ఏడాదిపాటు సైకిలు మీంచి పడిందట," అంది చివరికి.

"తర్వాత?"

"తర్వాతేముంది? నేర్పినాయన్నే పెళ్ళి చేసుకుంది."

అతను ఐరన్ వదిలేశాడు. అది ఆమె కాలి మీద పడింది.

"అబ్బా! సోమవారం ఆరింటికి రండి," అంది కోచ్ కుంటుతూ. "ముందు ఆ ఐరన్ పట్టుకోవడం నేర్పుతాను."