ఆఖర్న పెట్టిన హెచ్చరిక

మిక్సీ మూత ఎగిరి పిండంతా గోడకు కొట్టింది. అతను రాసిన మాన్యువల్‌ను ఆఫీసులో పరీక్షించడానికి పిలిపించిన పిన్నిగారు మొహం తుడుచుకుంటూ, "ఇందులో రాసినట్టే చేశాను బాబూ" అంది.

నిజమే. "మీట నొక్కండి" అని రాసి, దాని కింద "మూత బిగించకుండా నొక్కరాదు" అని చేర్చిన ఘనుడు అతనే.

మాన్యువల్‌కు బొమ్మలు గీసే అమ్మాయి కిటికీ దగ్గరి నుంచి తలెత్తింది. "హెచ్చరిక ఆఖర్న పెడితే ఎవరు చూస్తారండీ? జనం చదివాక చేయరు, చదువుతూ చేసేస్తారు."

"పేజీలో చోటు చాల్లేదు."

"మీ పేరు తీసేయండి, బోలెడు చోటు."

అంతే, ఆ మాటకే అతను మనసు పారేసుకున్నాడు.

ఆ వానాకాలమంతా ఆఫీసులో మసక వెలుతురే. రోజూ ఆమె బల్ల పక్కన నిలబడి నవ్వేవాడు. ఆమె తల తిప్పేది కాదు. ఒకరోజు వరండాలో అతన్ని గుద్దుకుని, సారీ చెప్పి, మొహమైనా చూడకుండా వెళ్లిపోయింది. ఎంత పొగరు అనుకుని లోలోపల కుమిలిపోయాడు.

ఓ సాయంత్రం ఆమె పెన్సిళ్లన్నీ సంచిలో సర్దుకుంటోంది. ఉద్యోగం మానేస్తోందట. అతను ఉండబట్టలేకపోయాడు.

"నేనంటే అంత చిరాకా? రోజూ పక్కనే నిలబడి నవ్వాను. ఒక్కసారి చూస్తే ఏం పోయేది?"

"పక్కన నిలబడ్డారా?" ఆమె సర్దడం ఆపింది. "పక్కనున్నవి నాకు కనపడవండీ. మా అమ్మకూ చూపు ఇలాగే అంచుల నుంచి తగ్గుతూ వచ్చి మొత్తం పోయింది. నాకూ పోతుందని డాక్టర్ చెప్పేశారు. మీ మనసులో ఏమన్నా ఉంటే ఇక్కడితో ఆపేయండి."

అతనికి ఆమె కోసం భయం వేసింది, తన కోసమూ వేసింది.

"మీరు కూడా హెచ్చరిక ఆఖర్నే పెట్టారు" అన్నాడు. "నేను ఎప్పుడో చేసేశాను."

ఆమె నవ్వబోయింది. ఏడుపొచ్చింది. సంచి కింద పెట్టి కళ్లు తుడుచుకుంది.

"అయితే అక్కడ కాదు. ఎదురుగా వచ్చి నవ్వండి."

అతను వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. నవ్వు రాలేదు. అయినా ఆమె ఆ మొహాన్ని, బొమ్మ గీసే ముందు చూసినట్టు, తొందరపడకుండా చూసుకుంది.