పెద్ద అంబర్‌పేట్‌లో కూలిన హెలికాప్టర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడమీద ఉన్న డిటెక్టివ్ అమ్మాజీ ఆఫీసుకు తేజస్విని వచ్చేసరికి పది దాటింది. అసిస్టెంటు కృష్ణ ఆ అమ్మాయికి మంచినీళ్లు అందించాడు.

“పన్నెండింటికల్లా సంతకం పెట్టకపోతే పోలీసు కేసు పెడతామంటున్నారండీ,” అంటూ ఆమె రెండు కాగితాలు బల్లమీద పెట్టింది.

సాయినాథ్ వర్క్‌షాపులో మూడేళ్లు కష్టపడి ఆమె ఓ చిన్న హెలికాప్టర్ తయారుచేసింది. దానికి రిమోట్ పట్టుకునేవాళ్లు అక్కర్లేదు, ప్రోగ్రామే నడిపిస్తుంది. నిన్న పొద్దున పెద్ద అంబర్‌పేట్ మైదానంలో ఎగరేస్తే రెక్క ఊడి, వర్క్‌షాపు కాపలాదారు అంతయ్య మీద పడింది. నడిపిన చెయ్యి లేదు గనుక తప్పంతా ప్రోగ్రాం రాసిన పిల్లదేనని యజమాని సాయినాథ్ తేల్చేశాడు. మొదటి కాగితం నిన్నటి తేదీతో అంతయ్య ఫిర్యాదు, కింద ఎడమ బొటనవేలి ముద్ర. రెండోది తేజస్విని తప్పొప్పుకుని డిజైన్ మొత్తం సాయినాథ్‌కు అప్పగించే పత్రం.

“రెక్క బోల్టు ఎవరు బిగించారు?”

“మొన్న సాయంత్రం నేనేనండీ. తర్వాత వర్క్‌షాపు తాళంచెవి సార్ దగ్గరే ఉంది.”

అమ్మాజీ ఫిర్యాదును రెండోసారి చదివింది. ఆవిడ ఏదైనా రెండుసార్లు చదివిందంటే అందులో ఏదో దొరికినట్టేనని కృష్ణకు అనుభవం.

ముగ్గురూ ఎల్బీనగర్ ఆసుపత్రికి వెళ్లారు. అంతయ్య ఎడమచేతికి మోచేతిదాకా కట్టు. పక్కనే సాయినాథ్ కూర్చుని బత్తాయి తొనలు ఒలిచి నోటికందిస్తున్నాడు.

“నువ్వెక్కడ నిలబడ్డావు అంతయ్యా?” అంది అమ్మాజీ.

“సార్ ముగ్గుతోని గీత గీసి, ఈడనే నిలబడు, ఫోటో మంచిగొస్తదన్నడమ్మా.”

“ఈ వేలిముద్ర ఎప్పుడు వేయించారు సాయినాథ్ గారూ?”

“నిన్న సాయంత్రం మేడమ్, గీ మంచం మీదనే. పాపం, నొప్పిల కూడా ఏసిండు.”

అమ్మాజీ నర్సు తిరుపతమ్మను పిలిచింది. “ఈయన చేతికేమైందమ్మా?”

“నిన్న పొద్దుగాల బొటనవేలు తెగిపోయి ఒచ్చిండు మేడమ్. అతికిద్దామంటే వేలు దొరకలే.”

సాయినాథ్ చేతిలో తొన ఆగిపోయింది.

“పొద్దున తెగిపోయిన వేలు సాయంత్రం ముద్ర ఎలా వేసింది?” అమ్మాజీ గొంతు పెంచలేదు. “ఫిర్యాదు ముందే సిద్ధం చేసుకున్నారు. బోల్టు వదులు చేశారు. ప్రోగ్రాం నడిపే హెలికాప్టర్ రోజూ ఒకే దారిలో పోతుంది. ఆ దారి కింద గీత గీసి మనిషిని నిలబెట్టారు. ఎవరికైనా దెబ్బ తగిలితేనే ఈ పిల్ల భయపడి సంతకం పెడుతుంది.”

“మొన్న జీతం కాయితమని ముద్ర ఏయించుకున్నవు గద సార్,” అన్నాడు అంతయ్య మెల్లగా.

“జర గీసుకపోతదనుకున్న, గంతే,” అన్నాడు సాయినాథ్.

నమ్మించి గొంతు కోయడమంటే కృష్ణ విన్నాడు గానీ, కోసి బత్తాయి తినిపించేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. ఆ గదిలో గాలి పీల్చాలన్నా అసహ్యమేసింది.

“ఈ రెండు కాగితాలూ పోలీసులకు నేనే ఇస్తాను,” అని అమ్మాజీ ఫోన్ తీసింది. తేజస్విని గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

సాయినాథ్ గబగబా సంచిలోంచి ఒక తెల్లకాగితం, ఇంకుప్యాడు తీశాడు.

“రాజీ చేసుకుందాం అంతయ్యా. ఇంకో చెయ్యున్నది గద, జర గీడ ఒత్తు.”

అంతయ్య కుడిచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.