గీత వణకలేదు

"ఆమె తయారుచేసిన విషం పనిచేస్తుందని ముఠావాళ్లు నమ్మేలోపే ఆమెను లేపెయ్," అన్నాడు బాస్. "అది సరిహద్దు దాటిందంటే ఊళ్లకు ఊళ్లు మిగలవు. మాజీ పెళ్లామని చెయ్యి ఆడకపోతే ఇప్పుడే చెప్పు."

"ఆడుతుంది సార్," అన్నాడు ఏజెంట్.

ఏసీ మెకానిక్ వేషంలో, జేబులో పెన్నులా కనిపించే పిస్టల్‌తో ల్యాబ్‌లోకి వెళ్లాడు. పాడు అలవాటు ఎక్కడికి పోతుంది, తలుపు దబాలున వేశాడు. విదేశీ ముఠాకు చెందిన సూటువాళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు. మైక్రోస్కోప్ ముందున్న ఆమె తలైనా తిప్పలేదు. అదే మెడ, అవే ముత్యాల చెవిపోగులు.

"వెంట్రుక కన్నా సన్నని ఈ గాజు ఎలక్ట్రోడ్‌ను నరాల కణంలోకి దించాను," అని ఆమె సూటువాళ్లకు చెబుతోంది. "తెర మీద గీత మైనస్ డెబ్బై మిల్లీవోల్టుల దగ్గరుంది. కణం బతికే ఉందన్నమాట. విషం చుక్క పడితే గీత సున్నాకొస్తుంది. అంటే చచ్చినట్టే."

ఆమె డ్రాపర్ అందుకుంది.

"ఇంకా ఏం చూస్తున్నావ్? కానియ్," అన్నాడు బాస్ ఇయర్‌పీస్‌లో.

ఏజెంట్ పెన్ను తీసి ఆమె మెడకు గురిపెట్టాడు. బొత్తాం మీద వేలు బిగిసింది. అప్పుడు తట్టింది. తలుపు అంత మోత మోగినా గీత వణకలేదేం?

కాపురం చేసిన రోజుల్లో ఆమె ల్యాబ్ తలుపు ఇలాగే వేసేవాడు. ఆ అదురుకు ఎలక్ట్రోడ్ జారి కణం చచ్చేది, రోజంతా పడ్డ పాట్లు నీళ్లపాలయ్యేవి. ఆమె తిట్టని రోజు లేదు. ఇవాళ చిన్న విసుగైనా లేదు. అంటే అక్కడ కణమే లేదు. పరికరాన్ని పరీక్షించడానికి కణం బదులు పెట్టే డమ్మీ సెల్ డబ్బా, ఓ బ్యాటరీ, అంతే. బల్ల కింద ఆమె ఎడమచెయ్యి ఓ నాబ్ మీద ఉంది. గీతను కదిపేది విషం కాదు, ఆ నాబ్.

అతను వేలు తీసేశాడు. చుక్క పడింది. గీత సున్నాకు చేరింది. సూటువాళ్లు మురిసిపోతూ సీసా పట్టుకుని వెళ్లారు.

"గేటు దగ్గర పట్టుకోండి సార్. వాళ్ల దగ్గరున్నది అసలు విషమే కాదు," అన్నాడు ఏజెంట్.

ఆమె అప్పుడు వెనక్కి తిరిగింది. "అసలుది నిన్ననే కాల్చేశాను. మీ ఆఫీసులో వాళ్ల మనిషి ఉన్నాడు, అందుకే ఎవరికీ చెప్పలేదు. తలుపు చప్పుడుకే వచ్చింది మీరని తెలిసింది. గీత చూసి అర్థం చేసుకుంటారని ధైర్యం తెచ్చుకున్నా." ఆమె చూపు అతని చేతి మీద ఆగింది. "ఆ పెన్ను నా కోసమేనా?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఆ క్షణంలో చేతకాలేదు.

"అవును."

ఆమె మళ్లీ మైక్రోస్కోప్ వైపు తిరిగింది. "వెళ్లండి," అంది.

కాపురం చేసినన్నాళ్లూ చేతకాని పని అతను ఆ రోజు చేశాడు. చప్పుడు కాకుండా తలుపు వేశాడు.